ఒడిశాలోని రాయగడలో ఉంటున్నాం, పర్సనల్ లోను ఆంధ్రాలోని పార్వతీపురం బ్రాంచిది: ఏ బాకీ ముందు తీర్చాలి?

రాయగడ గృహిణి

అందరికీ నమస్కారం. ఇంటి లెక్క ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఏది ముందు కట్టాలో, ఏది కొన్నాళ్లు ఆగినా ఫర్వాలేదో తెలిసినవాళ్లు చెప్పండి.

ఇద్దరి సంపాదన కలిపి నెలకు 24,500. అద్దె 3,000, కిరాణా కూరగాయలు 6,000, పాలు గ్యాసు కరెంటు 2,200, పిల్లల బడి 1,600, అత్తయ్య బీపీ షుగరు మందులు 1,200. ఇవన్నీ పోగా 10,500 మిగులుతుంది.

బాకీలు: క్రెడిట్ కార్డు మీద 60,000, కనీస మొత్తం 3,000 చొప్పున కడుతున్నాం. పర్సనల్ లోను 1,40,000, వడ్డీ 14 శాతం, ఈఎంఐ 5,600, రెండు నెలలుగా బౌన్స్ అవుతోంది. నా పేరున గ్రూపు లోను, వారానికి 850, ఇంకా 30,000 దాకా ఉంది. బయట ప్రోనోటు మీద 50,000, నూటికి నాలుగు రూపాయల వడ్డీ, నెలనెలా 2,000 వడ్డీకే పోతోంది, అసలు కదలడం లేదు. ఒక యాప్‌లో 8,000 తీసుకుంటే చేతికి వచ్చింది 6,400, గడువు 15 రోజులు. కిరాణా కొట్లో ఖాతా 9,000. ఇంట్లో రెండున్నర తులాల గొలుసు ఉంది, ఇంకా తాకట్టు పెట్టలేదు.

పర్సనల్ లోను వాళ్లు ఫోన్ చేసి "ఒకేసారి కొంత కట్టండి, సెటిల్‌మెంట్ చేసేస్తాం" అంటున్నారు. ఒప్పుకోవచ్చా?

లెక్కల పుస్తకం

చెల్లెమ్మా, ముందు ప్రతి బాకీకీ ఏడాది వడ్డీ ఎంతో పక్కన రాసుకోండి. అసలు ఎంత పెద్దదో చూసి భయపడతాం గానీ, ఇల్లు ఖాళీ చేసేది వడ్డీ రేటు.

యాప్ వాళ్లు 6,400 ఇచ్చి 15 రోజుల్లో 8,000 అడుగుతున్నారంటే పక్షానికే 25 శాతం. నూటికి నాలుగంటే ఏడాదికి 48 శాతం. కార్డు నెలకు 3.5 శాతం అనుకుంటే, 60,000 మీద వడ్డీ 2,100, దాని మీద 18 శాతం జీఎస్టీ 378, మొత్తం 2,478. మీరు కట్టే 3,000లో అసలుకు జమయ్యేది 522 మాత్రమే. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా కార్డు గీస్తే ఆ రోజు నుంచే వడ్డీ పడుతుంది, 45 రోజులు, 50 రోజులు వడ్డీ లేదన్న మాట వర్తించదు. కాబట్టి ఈ రోజు నుంచి ఆ కార్డు బీరువాలోనే ఉండాలి.

ఇప్పుడు నెలకు కట్టాల్సింది 3,000, 5,600, వారాలది నెలకు సుమారు 3,650, ప్రోనోటు వడ్డీ 2,000, అంతా కలిపి 14,250. చేతిలో ఉన్నది 10,500. పొదుపు చేస్తే పూడే గుంట కాదిది. ఖరీదైన అప్పును చవకైన అప్పుగా మార్చుకుంటేనే పూడుతుంది.

గొలుసు అందుకు పనికొస్తుంది. బ్యాంకులో తాకట్టు పెట్టి 1,18,000 తీసుకుని కార్డు, ప్రోనోటు, యాప్ మూడూ ఒకే వారంలో మూసేయండి. ఏడాదికి 10 శాతం వడ్డీ అనుకుంటే నెలకు 983. అప్పుడు నెల లెక్క 5,600, 3,650, 983, అంటే 10,233.

ఇందులో జనం దెబ్బతినే చోట్లు చెబుతాను. ప్రైవేటు ఫైనాన్సు కొట్లలో బోర్డు మీద తక్కువ వడ్డీ రాసి ఉంటుంది. అది నెలనెలా వడ్డీ కట్టేవాళ్లకు. ఆలస్యమైతే రేటు మెట్లుమెట్లుగా పెరిగే స్కీములు చాలా ఉన్నాయి, "మూడు నెలలు కట్టకపోతే రేటెంత" అని అడిగి కాగితం మీద రాయించుకోండి. ఏడాది చివర అసలూ వడ్డీ కలిపి కట్టే పద్ధతిలో పెట్టినా, మీరు మాత్రం నెలనెలా వడ్డీ జమ చేస్తూ ఉండండి. గ్రూపు లోను తొమ్మిది నెలల లోపు తీరుతుంది, ఆ 3,650ని అప్పట్నుంచి తాకట్టు అసలుకు మళ్లించండి. తాకట్టు రసీదులో మొత్తం బరువు, రాళ్లు తీసేసిన నికర బరువు, క్యారెట్టు మూడూ ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. ఫోటో మీ ఫోన్‌లోనూ ఒకటి ఉండాలి.

కార్డు తీర్చేటప్పుడు ఇంకో మెలిక. ఈ రోజు స్టేట్‌మెంట్‌లో ఉన్న మొత్తం కట్టేసినా, స్టేట్‌మెంట్ తేదీ నుంచి మీరు కట్టిన తేదీ దాకా పడ్డ వడ్డీ వచ్చే నెల బిల్లులో వస్తుంది. "అంతా కట్టేశాం కదా" అని దాన్ని వదిలేస్తే ఆ కొద్ది మొత్తమే ఆలస్యం కింద సిబిల్‌కు (మన అప్పుల చరిత్ర రాసిపెట్టే సంస్థకు) వెళ్తుంది. రెండో బిల్లు కూడా కట్టి, బాకీ సున్నా అని చూసుకున్నాకే కార్డు మూసెయ్యమని రాతపూర్వకంగా అడగండి. బాకీ లేని కార్డును ఏడు పనిదినాల్లో మూసెయ్యాలి, ఆలస్యమైతే రోజుకు 500 మీకివ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన.

ప్రోనోటు డబ్బు చేతికివ్వకండి, బ్యాంకు ఖాతా నుంచి పంపండి. అదే రోజు అసలు ప్రోనోటు, ఇచ్చిన ఖాళీ చెక్కులు, సంతకం పెట్టిన స్టాంపు కాగితాలు వెనక్కి తీసుకోండి. నోటు వెనక "పూర్తిగా చెల్లు" అని తేదీతో రాయించి సంతకం పెట్టించాలి. ఈ మధ్యలో కట్టిన ప్రతి మొత్తానికీ అలాగే చెల్లు రాయించుకోవాల్సింది. ఖాళీ చెక్కు వాళ్ల దగ్గర మిగిలిపోతే దాన్నే నింపి బ్యాంకులో వేసి చెక్ బౌన్స్ కేసు పెట్టడం ఎక్కువగా జరిగే మోసం.

సరిహద్దు బస్సు

పై అన్న చెప్పిన దారి సరైనదే గానీ, 10,500లో 10,233 కట్టేస్తే నెలకు 267 మిగులుతుంది. ఒక్క జ్వరం వస్తే మళ్లీ యాప్ తెరవాల్సి వస్తుంది. పర్సనల్ లోను కూడా సర్దాలి.

ముందు సెటిల్‌మెంట్ సంగతి. వద్దు. మిగిలిన బాకీలో కొంత మాఫీ చేసి లోను మూసేస్తారు, నిజమే. కానీ సిబిల్ రిపోర్టులో ఆ ఖాతా "క్లోజ్డ్" అని కాక "సెటిల్డ్" అని పడుతుంది. తర్వాత ఎవరు లోను ఇవ్వాలన్నా ముందు అదే చూస్తారు, ఏళ్ల తరబడి వదలదు. ఉద్యోగం పోయి, కట్టే దారే లేనివాళ్లకు అది ఆఖరి దారి. మీకు నెలనెలా రాబడి ఉంది.

మీరు గమనించాల్సిన అంకె 90. కంతు తప్పి 90 రోజులు దాటితే ఆ ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అవుతుంది. మీరు కట్టే డబ్బు ముందు పాత కంతుకు జమవుతుంది. కాబట్టి రెండు కంతులు బాకీ ఉన్నా, ఇక నుంచి నెలకు ఒక్కటి తప్పకుండా కడితే రోజుల లెక్క 60 దగ్గరే ఆగుతుంది, 90కి చేరదు. ఒకసారి ఎన్‌పీఏ అయ్యాక ఒకటి రెండు కంతులు కట్టి బయటపడలేరు, పాత బకాయి మొత్తం తీరిస్తేనే మళ్లీ మామూలు ఖాతా అవుతుంది. అందుకే ఈ నెలది ఎలాగైనా కట్టండి.

తర్వాత బ్రాంచి మేనేజరుకు దరఖాస్తు రాయండి. రాబడి, ఖర్చు, బాకీలు ఇక్కడ రాసినట్టే రాసి, గడువు 48 నెలలకు పెంచి ఈఎంఐ తగ్గించమని అడగండి. 1,40,000కు 14 శాతం మీద 48 నెలలకు ఈఎంఐ సుమారు 3,830 వస్తుంది. ఇప్పటి పద్ధతిలో దాదాపు 30 నెలల్లో తీరేదానికి మరో 17,000 దాకా వడ్డీ అదనంగా పడుతుంది, రిపోర్టులో "రీస్ట్రక్చర్డ్" (షరతులు మార్చిన లోను) అన్న ముద్ర కూడా పడుతుంది. అయినా నెలకు 1,770 వెసులుబాటు మీకు ఇప్పుడు కావాలి. బ్యాంకు వెంటనే ఒప్పుకోకపోవచ్చు, నోటిమాటతో తిప్పి పంపితే వెళ్లిపోకండి. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. తర్వాత ఫిర్యాదు చేయాల్సి వస్తే ఆ ముద్రే ఆధారం.

బౌన్స్ సంగతి కూడా చూడండి. ఖాతాలో డబ్బు లేనప్పుడల్లా మీ బ్యాంకు ఒక రుసుము, లోను ఇచ్చినవాళ్లు ఇంకో రుసుము వేస్తారు. జీతం 7న పడి ఈఎంఐ 5న ఉంటే తేదీ మార్చమని అదే దరఖాస్తులో అడగండి. ఆలస్యానికి వేసే జరిమానా మీద మళ్లీ వడ్డీ వెయ్యకూడదని రిజర్వు బ్యాంకు 2024 నుంచి అమలు చేస్తోంది. స్టేట్‌మెంట్ తీయించి ఆ వరస ఒక్కసారి వేలు పెట్టి చదవండి.

సరిహద్దువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు పేరుది. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది, చాలాసార్లు ఒక్క అక్షరంగా. పార్వతీపురంలో లోను "ఎస్. లక్ష్మి" పేరున ఉంటుంది. ఒడిశా ఆధార్‌లో ఇంటిపేరు చివరకు పోతుంది, పాన్‌లో పూర్తిగా విడదీసి ఉంటుంది. ఇంగ్లీషు స్పెల్లింగు మూడుచోట్లా మూడు రకాలు. దాంతో వేరే లక్ష్మి అప్పు మీ రిపోర్టులో దూరుతుంది, లేదా మీరు తీర్చేసిన లోను "ఇంకా ఉంది" అని చూపిస్తుంది. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ నాలుగూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. నాలుగూ ఒకేసారి తీయకుండా మూడు నెలలకొకటి తీస్తే ఏడాదంతా కంట కనిపెట్టొచ్చు. తప్పుంటే ఆ రిపోర్టు మీదున్న కంట్రోల్ నంబరుతో ఆన్‌లైన్‌లోనే డిస్ప్యూట్ (తప్పు సరిదిద్దమనే ఫిర్యాదు) పెట్టండి, రుసుము లేదు. 30 రోజుల్లో సరిచెయ్యకపోతే రోజుకు 100 చొప్పున పరిహారం ఇవ్వాలి. "డబ్బిస్తే స్కోరు పెంచుతాం" అనే ఏజెంట్లకు ఒక్క రూపాయి ఇవ్వకండి, వాళ్లు పెట్టేదీ ఈ డిస్ప్యూటే.

రాయగడ గృహిణి

అన్నయ్యలిద్దరికీ కృతజ్ఞతలు. గొలుసు విషయం ఇంట్లో మాట్లాడుతున్నాం. ఇంకో సంగతి. గ్రూపు లోను వారం తప్పితే రాత్రి ఎనిమిదింటికి ఇంటికొచ్చి గుమ్మంలో కూర్చుంటున్నారు. తోటి ఆడవాళ్లను కూడా పిలుచుకొచ్చి వాళ్లచేత అడిగిస్తున్నారు. యాప్ వాళ్లయితే ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ మెసేజ్ పెడతామంటున్నారు. పోలీసులు అరెస్టు చేస్తారని కూడా బెదిరిస్తున్నారు.

న్యాయ సేవ వాలంటీరు

అక్కా, ముందు ధైర్యంగా ఉండండి. బాకీ కట్టలేకపోవడం నేరం కాదు, సివిల్ వ్యవహారం. దానికి అరెస్టు ఉండదు. రెండు చోట్ల మాత్రం జాగ్రత్త కావాలి: చెక్ బౌన్స్, ఈఎంఐ ఆటో డెబిట్ బౌన్స్. ఈ రెంటికీ క్రిమినల్ కేసు పెట్టే వీలు చట్టంలో ఉంది. అయితే ముందు నోటీసు రావాలి, అందిన 15 రోజుల్లో కట్టే అవకాశం ఉంటుంది. కాబట్టి పోస్టులో వచ్చిన ఏ కవరూ వెనక్కి పంపకండి. పార్వతీపురం వైపు నుంచి ఇంగ్లీషులో వస్తుంది, ఇక్కడివి ఒడియాలో వస్తాయి. చదివించుకోవడానికి రాయగడ కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు రాబడి ఎంతున్నా వకీలు ఉచితం. ఫోన్ 15100.

గ్రూపు లోనుకు రిజర్వు బ్యాంకు 2022 నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు ఫోన్ చెయ్యకూడదు, రాకూడదు. కట్టే చోటు ఇద్దరూ కలిసి నిర్ణయించుకున్నదై ఉండాలి, మీరు వరసగా రెండుసార్లు ఆ చోటికి రాకపోతేనే ఇంటికి రావచ్చు. అంటే "ఈ వారం డబ్బు లేదు" అని చెప్పడానికైనా సెంటర్ మీటింగుకు (గ్రూపు వాళ్లంతా కలిసి కంతు కట్టే చోటుకు) వెళ్లడం మీకే రక్ష, మానేయకండి. తోటివాళ్లను, బంధువులను వేధించడం, నలుగురిలో పరువు తీయడం కుదరదు. ఆలస్యపు జరిమానా తప్పిన కంతు మీదే వెయ్యాలి, మొత్తం లోను మీద కాదు. ముందే తీర్చేస్తే దానికి రుసుము లేదు.

ఇంకొకటి. అన్ని అప్పుల వాయిదాలూ కలిపి ఇంటి రాబడిలో సగం దాటేలా కొత్త గ్రూపు లోను ఇవ్వకూడదు. మీ రాబడిలో సగం 12,250, మీరు కట్టాల్సింది ఇప్పటికే 14,250. "పాతది మూసి పెద్దది ఇస్తాం" అని వస్తే అది నిబంధనకు విరుద్ధం, సంతకం పెట్టకండి. బ్యాంకు లోనుకు, కార్డుకు వసూలు ఏజెంట్ల వేళలు ఉదయం 8 నుంచి సాయంత్రం 7 దాకా.

రాత్రి వచ్చినవాళ్ల పేరు, ఐడీ కార్డు, వచ్చిన వేళ ఒక నోటు పుస్తకంలో రాసుకోండి, ఫోన్ కాల్ లిస్టు స్క్రీన్‌షాట్ తీయండి. లోను కార్డు మీదే ఫిర్యాదుల నంబరు ఉంటుంది, ముందు అక్కడ ఫిర్యాదు నంబరు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల వెబ్‌సైటు సీఎంఎస్ పోర్టల్‌లో అంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదులు విచారించే అధికారికి) పెట్టండి. డబ్బు కట్టక్కర్లేదు. 14448కి ఫోన్ చేస్తే తెలుగులోనే చెబుతారు. ఇక్కడ మనకు కలిసొచ్చేది, 2021 నుంచి దేశమంతటికీ ఒకటే పద్ధతి. బ్రాంచి ఆంధ్రాలో, ఇల్లు ఒడిశాలో అన్న పేచీ లేదు. ముందు సంస్థకు రాయకుండా నేరుగా అక్కడికి వెళ్తే మాత్రం తిప్పి పంపేస్తారు, చాలామందివి అలాగే పోతున్నాయి.

యాప్ సంగతి వేరు. సంభాషణలు, ఒప్పందం, డబ్బు పడ్డ వివరం స్క్రీన్‌షాట్లు తీశాకే సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కు కాంటాక్టులు, ఎస్ఎంఎస్, ఫోటోల అనుమతి తీసేయండి. ముందే యాప్ తీసేస్తే ఆధారాలు పోతాయి. రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులో లోను యాప్‌ల జాబితా ఉంది, దాంట్లో ఉందో లేదో చూడండి. సరైన యాప్ అయితే కాంటాక్టులు అడగకూడదు, వడ్డీ, రుసుములు కలిపి ఏడాది రేటు చూపించే కాగితం ముందే ఇవ్వాలి, డబ్బు సంస్థ ఖాతాకే కట్టించుకోవాలి. ఎవరో వ్యక్తి యూపీఐకి పంపమంటే పంపకండి, కట్టినట్టు లెక్కే ఉండదు. బెదిరిస్తే సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేయండి, దాంతోపాటు రిజర్వు బ్యాంకు "సచేత్" పోర్టల్‌లోనూ ఫిర్యాదు పెట్టండి.

ప్రోనోటు గురించి ఒక మాట. రాయగడ, కొరాపుట్ జిల్లాలు షెడ్యూల్డ్ ఏరియా, ఇక్కడ వడ్డీ వ్యాపారానికి లైసెన్సు కావాలి. బాకీ ఎగ్గొట్టమని చెప్పడం లేదు. తీర్చాక కూడా కాగితాలివ్వనంటే ఈ విషయం వకీలుచేత నోటీసులో రాయిస్తే పని జరుగుతుంది.

సంత సరుకు

ఖర్చు వైపు మూడు మాటలు చెబుతాను. మీరు రాసిన ఇంటి ఖర్చులు మొత్తం 14,000లో కోయడానికి పెద్దగా ఏమీ లేదు, పిల్లల పాలు మానెయ్యమని ఎవరూ చెప్పకూడదు.

మందులు జన ఔషధి కేంద్రంలో తీసుకోండి, బ్రాండు మందుల కన్నా 50 నుంచి 90 శాతం తక్కువ. చీటీ మీద కంపెనీ పేరు ఉంటే డాక్టరుచేత మందు పేరే రాయించుకోండి, లేకపోతే కేంద్రంలో తడబాటు వస్తుంది. 1,200లో సగానికి పైనే మిగలొచ్చు.

రేషన్ కార్డు ఆంధ్రాలోనే ఉండిపోయినా రాయగడ డిపోలో ఆధార్ వేలిముద్రతో మనిషికి 5 కిలోల బియ్యం తీసుకోవచ్చు, ఒకే దేశం ఒకే రేషన్ కింద. కార్డు ఒడిశాదై మీ వయసు 21 నుంచి 60 లోపు ఉంటే ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్లకిచ్చే సుభద్ర పథకం చూడండి. ఏడాదికి 10,000, రెండు విడతలుగా, రాఖీ పున్నమికి, మార్చి 8కి. ఆధార్ లింకున్న ఖాతా, ఈకేవైసీ సరిగ్గా లేక చాలామందికి ఆగిపోతోంది. ఒక జాగ్రత్త: లోను కట్ అయ్యే ఖాతాకే అది పడితే వచ్చిన గంటలో బ్యాంకు లాగేసుకుంటుంది. ఆధార్ లింకు వేరే ఖాతాకు మార్పించండి.

ఆస్పత్రి ఖర్చే ఇళ్లను ముంచుతోంది. మనవాళ్లు కాస్త పెద్ద జబ్బయితే విశాఖ రైలెక్కేస్తారు. ఒడిశా కార్డు ఉన్నవాళ్లకు ఆంధ్రా ఎన్టీఆర్ వైద్య సేవ (మునుపటి ఆరోగ్యశ్రీ) చెల్లదు. 2025లో ఒడిశా ఆయుష్మాన్ భారత్‌లో చేరింది కాబట్టి ఆ కార్డు ఆ పథకంలో ఉన్న బయటి రాష్ట్రాల ఆస్పత్రుల్లోనూ పనిచేస్తుంది. బయల్దేరే ముందే 14555కు ఫోన్ చేసి ఆ ఆస్పత్రి, ఆ జబ్బు పథకంలో ఉన్నాయో లేదో కనుక్కోండి. అత్తయ్య కార్డు ఇప్పుడే తీయించి ఉంచండి.

కిరాణా ఖాతా 9,000కు వడ్డీ లేదు గానీ, ఖాతా కొట్లో బేరం కుదరదు, ధర వాళ్లు వేసిందే. నెలకు 1,000 పాత బాకీకి ఇచ్చి, కొత్త సరుకు నగదుకే తెచ్చుకోండి.

లెక్కల పుస్తకం

సరిహద్దు బస్సు అన్న మాటతో ఏకీభవిస్తాను, 267 మిగులుతో నడవదు. గడువు పెంచితే లెక్క 3,830, 3,650, 983, అంటే 8,463. మిగిలేది 2,037. అందులో 1,000 కిరాణాకు, మిగతాది పక్కన పెట్టండి. గడువు పెంచకపోతే మందుల్లో మిగిలినదీ, సుభద్ర విడతా కలిపి తప్పిన రెండు కంతులకే, 11,200కు, వెయ్యండి.

వరస మాత్రం ఇది: ఈ నెల ఈఎంఐ ఒకటి కట్టడం, అదే వారం బ్రాంచిలో దరఖాస్తు, ఆ తర్వాత గొలుసు తాకట్టు. తాకట్టు డబ్బు వచ్చిన రోజే యాప్, ప్రోనోటు తీర్చేయాలి. ఆ డబ్బు రెండు రోజులు ఖాతాలో ఉంటే ఏదో ఒక ఆటో డెబిట్ లాగేస్తుంది. అందుకని తాకట్టు పెట్టేది లోను లేని బ్యాంకులో పెట్టండి.

రాయగడ గృహిణి

మా ఇంటి దగ్గరి బ్యాంకులో మాకు ఏ లోనూ లేదు, సేవింగ్స్ ఖాతా ఉంది. సోమవారం గొలుసు, ఆధార్, పాన్ పట్టుకుని అక్కడికే వెళ్తాం. పార్వతీపురం బ్రాంచికి దరఖాస్తు ఇంగ్లీషులోనే రాయాలా?

సరిహద్దు బస్సు

తెలుగులో రాయండి, అక్కడ చదువుతారు. పైన లోను ఖాతా నంబరు, ఫోన్ నంబరు, ఇప్పుడుంటున్న రాయగడ చిరునామా రాసి, "ఇకపై ఉత్తరాలు ఈ చిరునామాకు పంపగలరు" అని ఒక వాక్యం చేర్చండి. పాత చిరునామాకు నోటీసు వెళ్లి అక్కడే ఆగిపోతే మీకు తెలియకుండా గడువు దాటిపోతుంది.